చంక గ్రంథులన్నీ తీయించాలా? ముందు ఇది అడగండి

చెల్లెమ్మా, అమ్మ రొమ్ములో 2 సెం.మీ. క్యాన్సర్ గడ్డ ఉందని, స్కానింగ్‌లో చంక బాగానే ఉన్నా అక్కడి లింఫు గ్రంథులన్నీ (రొమ్ము క్యాన్సర్ సాధారణంగా ముందు పాకే చోటు) తీసేస్తామన్నారని అమలాపురం నుంచి రాశావు. సంతకం పెట్టే ముందు ‘సెంటినల్ నోడ్ బయాప్సీ’ చేస్తారా అని అడుగు. రొమ్ములోకి నీలం రంగు మందు ఎక్కించి, అది మొదట చేరే కొద్ది గ్రంథులనే తీసి పరీక్షిస్తారు. వాటిలో క్యాన్సర్ లేకపోతే మిగతావి ముట్టుకోనక్కర్లేదు. ఒకటి రెండింటిలో కనిపించినా, రొమ్ము ఉంచి ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చేవాళ్లలో చాలామందికి మిగతావి తీయకపోయినా ఆయుష్షు తగ్గదని జడ్ 0011 అనే పరిశోధనలో తేలింది. అన్నీ తీస్తే చెయ్యి వాచే ప్రమాదం బాగా ఎక్కువ. ఊడ్పులకు వెళ్లే మనిషికి ఆ వాపు ఎంత కష్టమో ఆలోచించు! అక్కడ ఆ సదుపాయం లేదంటే రిపోర్టులు తీసుకుని విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించు. రెండో అభిప్రాయానికి కొన్ని రోజులు పట్టినా టెన్షన్ పడకు, నెలలు మాత్రం గడపొద్దు.