బొమ్మ మీద నేర్చిన చేయి

వైద్య, నర్సింగ్ చదువుల్లో సిమ్యులేషన్ శిక్షణ (అసలు రోగికి బదులు బొమ్మల మీదా, రోగిగా నటించేవారి మీదా చేసే అభ్యాసం) గురించీ, ఆన్‌లైన్ పాఠాల గురించీ తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ నెల సమాధానాలు రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పినదాన్ని కనుక కొన్నిచోట్ల నా అనుభవం కూడా కలిసింది.

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో బి.ఎస్సీ. నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా రబ్బరు చేతికి సూది వేశామనీ, బొమ్మకు స్నానం చేయించామనీ చెబుతుంది. కళ్ళెదుట అంత పెద్ద ఆసుపత్రులు ఉండగా బొమ్మలతో చదువేమిటి? మనుషుల్ని ముట్టుకోకుండా నర్సు ఎలా అవుతుంది?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి రోగుల దగ్గరికి తప్పకుండా వెళుతుంది. వార్డు పోస్టింగులు లేకుండా నర్సింగ్ చదువు పూర్తి కాదు. అయితే ఆ వార్డులోకి అడుగుపెట్టేనాటికి ఆమె చేతికి కొంత పని తెలిసి ఉండాలన్నదే ఈ బొమ్మల ఉద్దేశం.

నేను చదువుకున్న రోజుల్లో ఈ ఏర్పాటు లేదు. సిరలోకి సూది ఎలా వేయాలో మా సిస్టర్ ఒకసారి చేసి చూపించారు. రెండోసారి నేను వేయవలసింది మనిషికే. ఆ మనిషి ఒక పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ. ఆమె చేయి ఎండిన కట్టెలా ఉంది, చర్మం కింద సిర వేలికి తగిలీ తగలనట్టు జారిపోయేది. మూడుసార్లు పొడిచాను, మూడుసార్లూ తప్పాను. మూడోసారి ఆమె చేయి వాచి నీలంగా మారుతూ ఉంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆమె మాత్రం రెండో చేయి చాపి, "ఏం గాదులే పాపా, నిదానంగా చూసి ఎయ్యి" అంది. ఆ తల్లి ఓర్పు మీద నేను చదువుకున్నాను. అటువంటి ఓర్పును పేదవాళ్ళ దగ్గర నుంచే తీసుకోవడం మాకు అలవాటైపోయిందని తరువాత ఎన్నోసార్లు బాధపడ్డాను. రబ్బరు చేతిలో ఎర్రరంగు నీళ్ళు నింపి, సూది సిరలోకి దిగి, దాని వెనుక ఉండే చిన్న గొట్టంలోకి ఎరుపు వచ్చేదాకా ముప్ఫైసార్లు పొడిచిన పిల్ల కూడా వార్డులో తప్పు చేయవచ్చు. కానీ సూది ఏ కోణంలో పట్టాలి, సిరను ఏ వేలితో బిగించాలి అన్న మొదటి తడబాటు ఆమె రోగి చేతి మీద పడదు.

ఇది పరాయి దేశపు మోజు అని అనుకోవద్దు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదవ అధ్యాయం పేరు యోగ్యాసూత్రీయం. యోగ్య అంటే అక్కడ అభ్యాసం అని అర్థం. సొర, గుమ్మడి, దోస వంటి కాయల మీద కోత కోయడం, చనిపోయిన పశువుల సిరల మీదా కలువ తూళ్ళ మీదా సిరను గుచ్చడం, మందపాటి గుడ్డ మీదా మెత్తని తోలు మీదా కుట్లు వేయడం, మనిషి ఆకారంలో చేసిన బొమ్మ అవయవాలకు కట్టు కట్టడం శిష్యుడి చేత చేయించాలని అందులో ఉంది. శాస్త్రమంతా చదివినవాడైనా ఈ అభ్యాసం చేయకపోతే పనికి తగడని కూడా అక్కడే చెప్పారు.

ఇక బొమ్మల శిక్షణ ఆసుపత్రి అనుభవాన్ని ఎంతమేరకు భర్తీ చేయగలదన్న ప్రశ్నకు అమెరికాలో పది నర్సింగ్ విద్యాసంస్థల్లో పెద్ద అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2014లో వచ్చాయి. రోగుల దగ్గర గడపవలసిన క్లినికల్ గంటల్లో సగం వరకు మంచి సిమ్యులేషన్‌తో నింపినా, చదువు ముగిసేసరికి విద్యార్థుల జ్ఞానంలోనూ పనితీరులోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇక్కడ 'మంచి' అన్న మాట ముఖ్యం: అక్కడి అధ్యాపకులకు ముందుగా ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. మీరు కళాశాలకు వెళ్ళినప్పుడు బొమ్మలు ఎన్ని ఉన్నాయని అడగకండి, ఒక్కో బొమ్మ దగ్గర ఎందరు పిల్లలు నిలబడుతున్నారో, పక్కన నేర్పేవారు ఉంటున్నారో లేదో చూడండి.

ప్రశ్న: నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం గురించి ఆన్‌లైన్ కోర్సు చేశాను. వీడియోలు రెండుసార్లు చూశాను, పరీక్షలో అన్నీ సరిగా రాశాను, సర్టిఫికెట్ వచ్చింది. నెల తరువాత రాత్రి డ్యూటీలో అటువంటి బిడ్డే పుట్టింది. అంబు బ్యాగ్ (మాస్కు ద్వారా ఊపిరి అందించే, చేతితో నొక్కే సంచి) నొక్కుతున్నాను, ఛాతీ లేవడం లేదు. మా సీనియర్ ఏ.ఎన్.ఎం. పరుగున వచ్చి మాస్కు సరిచేశాక బిడ్డ ఏడ్చింది. తప్పు కోర్సుదా, నాదా?
– ఒక స్టాఫ్ నర్సు, పలమనేరు ప్రాంతం

జవాబు: తల్లీ, ముందుగా ఒక మాట: బిడ్డ బతికింది, నువ్వు బ్యాగ్ వదిలేసి పారిపోలేదు. ఆ రాత్రి నుంచి నిన్ను నువ్వు నిందించుకుంటున్నావని ఉత్తరంలో ప్రతి వాక్యమూ చెబుతోంది. అది అవసరం లేదు.

తెలియడం వేరు, చేయగలగడం వేరు. వీడియో నీకు వరుస నేర్పింది: బిడ్డను తుడవాలి, వెచ్చగా ఉంచాలి, వీపు మీద నిమరాలి, అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే పుట్టిన నిమిషంలోగా బ్యాగ్‌తో గాలి అందించడం మొదలుపెట్టాలి. ఆ వరుస నీకు గుర్తుంది కనుకనే సమయానికి బ్యాగ్ చేతిలోకి తీసుకున్నావు. కోర్సు తన పని చేసింది. కానీ మాస్కు అంచు నుంచి గాలి జారిపోతోందన్న సంగతి కంటికి కనబడదు, వేళ్ళకే తెలియాలి. వేళ్ళకు ఆ తెలివి తెర మీది నుంచి రాదు.

అందుకే చిన్న బిడ్డ బొమ్మ కావాలి. ఇటువంటి శిక్షణ కోసం చేసిన నియోనాటలీ అనే బొమ్మ 2010 నుంచి వాడుకలో ఉంది. అందులో గోరువెచ్చని నీళ్ళు నింపితే నవజాత శిశువు బరువుతో, తల వాలిపోతూ, చేతిలో అచ్చం అలాగే ఒదుగుతుంది. మెడ ఎక్కువగా వంచినా, వెనక్కి ఎక్కువగా వాల్చినా గాలి లోపలికి పోదు, ఛాతీ కదలదు. తల కొద్దిగా వెనక్కి, ముక్కు వాసన చూస్తున్నట్టు పైకి ఉండాలి. బొటనవేలూ చూపుడువేలూ మాస్కు మీద గుండ్రంగా పట్టుకోవాలి. మిగిలిన వేళ్ళు దవడ ఎముక కింద ఆనించి గడ్డాన్ని మాస్కులోకి పైకి తీసుకురావాలి. మాస్కును కిందికి అదమకూడదు. మాస్కు గడ్డాన్నీ నోటినీ ముక్కునూ కప్పాలి, కళ్ళ మీదికి పోకూడదు. "ఊదు, రెండు, మూడు" అని పైకి అనుకుంటూ నొక్కితే నిమిషానికి 40కి పైగా శ్వాసలు అందుతాయి. ఛాతీ లేవకపోతే మొదట మాస్కు, తరువాత తల, ఆపైన నోట్లో ఏమైనా అడ్డుందా అని వరుసగా చూసుకోవాలి. మీ సీనియర్ గారు ఆ రాత్రి చేసింది ఇదే.

అరుదుగా అవసరమయ్యే నైపుణ్యం కొన్ని నెలల్లోనే మొద్దుబారుతుంది. ఏడాదికోసారి జరిగే రెండు రోజుల శిక్షణ కన్నా, వారానికి ఒకసారి డ్యూటీ మారే సమయంలో పది నిమిషాలు చేసే అభ్యాసమే మేలు. నవజాత శిశు సురక్ష కార్యక్రమం 2009లో మొదలైనప్పటి నుంచి ఈ శిక్షణ మన దేశంలో జరుగుతూనే ఉంది కాబట్టి, బొమ్మను కొన్నాళ్ళు మీ కేంద్రంలోనే ఉంచమని మెడికల్ ఆఫీసరు గారిని అడుగు. అది దొరకకపోతే కాన్పు గది బల్ల మీద మాస్కును నీ అరచేతికి ఆనించి బ్యాగ్ నొక్కి, అంచు నుంచి గాలి పోతోందా లేదా అని ప్రతి డ్యూటీకి ముందు పరీక్షించుకో. పరికరం పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఆన్‌లైన్ కోర్సులు మానవద్దు. డ్యూటీ వదిలి తిరుపతి దాకా రాలేని నీలాంటివారికి అవే దారి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు దేశమంతటా ఆరోగ్య సిబ్బందికి ఐగాట్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ వేదిక ద్వారా పాఠాలు అందించగలిగారంటే ఈ పద్ధతి వల్లనే. ఆ పాఠాలు తెలుగులో ఇంకా ఎక్కువగా రావాలని మాత్రం నేను గట్టిగా కోరుకుంటాను. రాత్రి రెండు గంటలకు లేబర్ రూమ్‌లో మనసులో మెదిలేది మన భాషే.

ప్రశ్న: మా నర్సింగ్ కళాశాలలో ఖరీదైన సిమ్యులేటర్ ఉంది. పాడవుతుందన్న భయంతో తనిఖీల రోజున తప్ప గది తాళం తీయరు. నాలాంటి కొత్త ట్యూటరు ఏం చేయగలదు?
– ఒక ట్యూటర్, చిత్తూరు

జవాబు: ఎం.బి.బి.ఎస్.లో 2019 నుంచి సామర్థ్యాల ఆధారిత పాఠ్యప్రణాళిక అమల్లోకి వచ్చి, స్కిల్ ల్యాబ్ (చేతిపనులు అభ్యాసం చేసే గది) తప్పనిసరి అయింది. నర్సింగ్ పాఠ్యప్రణాళికలోనూ స్కిల్ ల్యాబ్ గంటలు ఉన్నాయి. కాబట్టి తాళం తీయమని అడగడం మీ హక్కు. టైమ్‌టేబుల్‌లో ఆ గంటలను చూపిస్తూ రాతపూర్వకంగా అడగండి. వాడకంలో పాడైన యంత్రాన్ని బాగుచేయించవచ్చు. తాళం వేసిన గదిలో పిల్లలు పోగొట్టుకున్న గంటలను తిరిగి తేలేము.

ఈలోగా యంత్రం కోసం ఆగవద్దు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో మదామ్ దు కూద్రే అనే మంత్రసాని గుడ్డతో, తోలుతో, దూదితో తల్లి కటినీ బిడ్డనూ చేసుకుని ఊరూరా తిరిగి కాన్పు పని నేర్పింది. మీరు ఎర్రరంగు కలిపిన 500 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి పాత చీర ముక్కల మీదా, ప్యాడ్ల మీదా, నేల మీదా పోయండి. ఎంత రక్తమో పిల్లలను అంచనా వేయమనండి. చాలామంది తక్కువే చెబుతారు. కాన్పు తరువాత రక్తస్రావాన్ని ఆలస్యంగా గుర్తించడానికి ఒక కారణం ఈ తప్పుడు అంచనాయే. రోగి పాత్ర వేయడానికి మనుషులను తర్ఫీదు చేసే పద్ధతిని 1963లో హోవర్డ్ బారోస్ అనే అమెరికా వైద్యుడు మొదలుపెట్టాడు. మీ కళాశాలలో పనిచేసే ఆయమ్మ ఎవరైనా "గుండెల్లో మంటగా ఉందమ్మా" అంటూ మంచం మీద కూర్చుంటే చాలు, రోగి మాట వినడం పిల్లలకు వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది అభ్యాసం అయ్యాక జరిగే మాటామంతీ. దీన్ని డీబ్రీఫింగ్ అంటారు. మన అలవాటు ప్రకారం ట్యూటరు లేచి తప్పుల జాబితా చదువుతారు, పిల్లలు తల వంచుకుంటారు, అక్కడితో పాఠం చచ్చిపోతుంది. అలా కాకుండా గుండ్రంగా కూర్చోబెట్టి, ముందు వారి గుండె దడ తగ్గనివ్వండి. "ఆక్సిజన్ పెట్టకుండా బీపీ చూశావు, ఆ క్షణంలో నీకేమనిపించింది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోండి. ఆ మౌనం మొదట్లో మీకే కష్టంగా ఉంటుంది. నా విద్యార్థిని ఒకరు చాలాసేపు ఊరుకుని, "డాక్టరు గారు చెప్పింది నాకు సరిగా వినబడలేదు, మళ్ళీ అడిగితే తిడతారనుకున్నాను" అంది. అసలు లోపం ఆమె చేతిలో లేదు. ఆ రోజు నుంచి మా ల్యాబ్‌లో ఏ ఆదేశమైనా విన్నవారు పైకి తిరిగి చెప్పి, పని అయ్యాక "ఇచ్చాను" అని కూడా చెప్పాలన్న నియమం పెట్టుకున్నాం.

ప్రశ్న: ఇంటి దగ్గరే ఉండి పూర్తిగా ఆన్‌లైన్‌లో నర్సింగ్ డిగ్రీ ఇస్తామని ఒక సంస్థ ప్రకటన చూశాను. ఫీజు కట్టమంటారా?
– ఒక యువకుడు, శ్రీకాళహస్తి

జవాబు: కట్టవద్దు. వైద్యం, నర్సింగ్, ఫిజియోథెరపీ వంటి చదువులను ఆన్‌లైన్, దూరవిద్య పద్ధతుల్లో డిగ్రీగా ఇవ్వడాన్ని యూజీసీ నిబంధనలు నిషేధించాయి. అటువంటి పట్టాతో నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. ఇప్పటికే అర్హత ఉన్నవారు జ్ఞానం పెంచుకోవడానికి చేసే ఆన్‌లైన్ కోర్సుల సంగతి వేరు.

ప్రశ్న: అలిపిరి దగ్గర దుకాణం నడుపుతున్నాను. మెట్లెక్కుతూ కుప్పకూలిన భక్తులను చూశాను. మాలాంటివారు సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) ఫోన్‌లో చూసి నేర్చుకోవచ్చా?
– ఒక దుకాణదారు, తిరుపతి

జవాబు: చూసి మొదలుపెట్టండి, బొమ్మ మీద పూర్తి చేయండి. నార్వేకు చెందిన ఆస్ముండ్ లేర్దాల్ అనే బొమ్మల తయారీదారు 1960లో రిససి యాన్ అనే బొమ్మను తెచ్చింది సరిగ్గా ఇందుకే. ఛాతీ 5 సెంటీమీటర్లు దిగాలంటే ఎంత బలం కావాలో ఒకసారి చేతులకు తెలియాలి. తలగడ మీద లయ వస్తుంది గానీ ఆ బలం తెలియదు. మీరు పది మంది దుకాణదారులు కలిసి ఊళ్ళోని బోధనాసుపత్రిని అడిగితే ఒక పూటలో నేర్పగలరు.

3,550 మెట్ల దారిలో మనిషి పడితే ముందు దగ్గరలోని చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టండి. భుజాలు తట్టి పిలవండి. పలకకుండా, ఊపిరి కూడా మామూలుగా లేకపోతే ఒకరిని 108కి ఫోన్ చేయమనండి. ఆగి ఆగి ఎగశ్వాసలా వస్తుంటే దాన్ని ఊపిరి అనుకుని ఊరుకోవద్దు. చాలాచోట్ల ఆలస్యం జరిగేది ఇక్కడే. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఉంచి, రెండో చేయి దాని మీద వేసి, మోచేతులు వంచకుండా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి. 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా దిగాలి. బలంగా నొక్కేవారు కూడా రెండు నిమిషాలకు అలసిపోయి, తమకు తెలియకుండానే పైపైన నొక్కుతారు. అందుకని పక్కన ఇంకొకరిని మోకాళ్ళ మీద సిద్ధంగా కూర్చోబెట్టుకుని, రెండు నిమిషాలకొకసారి చేతులు మారండి. మారే సమయంలో నొక్కడం పది సెకన్లకు మించి ఆగకూడదు.