ఖాళీ గంటల లెక్క ముందే రాసుకో బిడ్డా

బిడ్డా,

బాలానగర్‌ల షెడ్డు కిరాయికి తీసుకొని రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషన్ పెడుతున్నవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల సొంతంగ వర్క్‌షాపు పెడుతున్నదంటే సంతోషం పట్టలేకపోయిన. నువ్వు పంపిన మొదటి కొటేషన్ చూసినంక ఫికరు మొదలైంది.

లైసెన్సు, కరెంటు లోడు, జీఎస్టీ నీకు తెలిసినవే. నా భయమంతా కూలి లెక్క దగ్గరే.

ఆపరేటర్ జీతం 18,000, దసరా బోనస్ నెలకు 1,500, మొత్తం 19,500 వేసినవ్. బోనస్ మర్చిపోలేదు, శభాష్. దాన్ని 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన 208తో భాగించి గంటకు 93.75 అన్నవ్. షెడ్లను ముంచే పాత తప్పు ఇదే. 208 అనేవి నువ్వు జీతమిచ్చే గంటలు, పని జరిగే గంటలు కావు. జీతంతో ఇచ్చే సెలవులు, పండుగలు ఏడాదికి 24 అనుకో, నెలకు 2 రోజులు పోయినయి. మిగిలిన 24 రోజులకు 192 గంటలు. అందులో రోజూ రెండు చాయ్‌లకు అరగంట, పొద్దున మిషన్ తుడిచి ఆయిల్ వేసేటందుకు పావుగంట, టూల్ సాన పట్టేటందుకు పావుగంట, సరుకు కోసం ఎదురుచూసుడు ఇంకో పావుగంట. రోజుకు 75 నిమిషాలు, నెలకు 30 గంటలు. చేతికొచ్చేది 162. ఇప్పుడు భాగించు: గంటకు 120.37. తేడా 26.62. నీ ఆర్డరు 400 గంటలది. అంటే 10,648 రూపాయలు నీ జేబులకెల్లి పోతయి, మిషన్లు ఆగకుండ తిరుగుతున్నయని నువ్వు మురుస్తుండగనే.

ఇది చూసి చాయ్ బంద్ పెట్టేవు, ఊరుకోను! పొద్దంత నిలబడే మనిషి అది. అలసిన చెయ్యి మైక్రోమీటర్ దగ్గర తప్పుతది.

జాబ్ సెట్టింగును ఈ ఖాళీల కలపకు. చక్ మార్చి, సెంటర్ చూసి, మొదటి పీసు తీసేదాక పట్టే టైము ఆ జాబుదే. పది పీసులకైనా వెయ్యికైనా సెట్టింగు ఒక్కటే, కాబట్టి విడిగ రాసి పీసుల మీద పంచు.

స్పిండిల్ బేరింగ్ పోయి రెండు రోజులు లేత్ ఆగిందనుకో, ఆ కూలి గంట రేటులకు రావద్దు. వేస్తే వచ్చే కొటేషన్ పెరిగి ఆర్డరు పక్క షెడ్డుకు పోతది. నేరుగ లాభనష్టాల ఖాతాల రాయి. కాస్ట్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ పెట్టిన సీఏఎస్-7 ప్రమాణం కూడ అసాధారణ ఖర్చును కూలి ఖర్చుల కలపొద్దనే అంటది. అదే 2012ల ఇచ్చినట్టు పవర్ హాలిడేలు ముందే చెప్పి వారం వారం ఇస్తే అది మామూలు ఖాళీ, రేటుల వేయాలె. కస్టమర్ డ్రాయింగ్ ఇయ్యక మిషన్ ఆగితే ఆ గంటలు ఆయన బిల్లుకే. ఈ షరతు కొటేషన్‌లనే రాయి. రేటుల ఒకసారి వేసిన ఖాళీని మళ్ల ఓవర్‌హెడ్‌ల, అంటే అన్ని జాబుల మీద పంచే ఉమ్మడి ఖర్చుల, వేయకు.

ప్రతి మిషన్‌కు ఒక అట్ట, చీటీలు, పెన్సిల్ కట్టు. "లేత్ 2, 11:20 నుంచి 12:45, బెల్టు తెగింది" అని ఆగిన వెంటనే రాయాలె. సాయంత్రం యాది చేసుకొని రాస్తే అన్నీ "కరెంటు పోయింది" అనే ఉంటయి. శనివారం హాజరు రిజిస్టర్ గంటలకెల్లి జాబ్ కార్డుల (ఏ జాబుకు ఎన్ని గంటలు పట్టినయో రాసే కార్డులు) గంటలు తీసెయ్. మిగిలింది చీటీలతోని, రోజువారీ 75 నిమిషాలతోని కలవాలె. కలవకపోతే పోరగాళ్ల మీద అరవకు, ముందు కార్డులు చూడు.

కొటేషన్ మీద ఇంక సంతకం కాలేదట కద, రేపు పొద్దున్నే ఫోన్ చేసి రేటు సవరించి పంపు. మొదటి నెల చీటీలన్నీ ఒక డబ్బాల వేసుకొని ఆదివారం ఇంటికి రా, ఇద్దరం కూసొని చూద్దాం. మీ అత్త సకినాలు దాచిపెట్టింది.

మామయ్య