డిశ్చార్జ్ బుక్‌లో ఎక్కని మెడల్స్: ఎరియర్స్ లెక్క నిజంగా ఎంత?

ప్రశ్న: మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా నాన్నగారు 1966లో ఆర్టిలరీలో చేరి 1984లో హవల్దారుగా బయటికొచ్చారు. ఆ తర్వాత బ్యాంకులో చేసి అక్కడా రిటైరయ్యారు. రెండు పెన్షన్లూ కలిపి ఏడాదికి ఎనిమిది లక్షల లోపే. 1971 యుద్ధంలో ఆయన పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. భుజానికి షెల్ ముక్క తగిలి మిలటరీ ఆసుపత్రిలో ఉండి, అక్కడి నుంచి వేరే రెజిమెంట్‌కు వెళ్లారు. డిశ్చార్జ్ బుక్‌లో (సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం) పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ రాయలేదు. గాయం సంగతీ లేదు. ‘సేనా మెడల్’ అని ఒక్క మాట ఉంది, మెడల్ ఇంట్లోనే ఉంది. ఈమధ్య ఒకాయన వచ్చి ఇవన్నీ రికార్డుకెక్కిస్తే 8 లక్షల ఎరియర్స్ (పాత బకాయిలు) వస్తాయని, ముందు 25 వేలు, డబ్బు పడ్డాక 20 శాతం ఇవ్వాలని అన్నాడు. నాన్నగారు మనవడి ఇంజినీరింగ్ ఫీజుకు 9 శాతం వడ్డీకి 3 లక్షల గోల్డ్ లోన్ తీసుకున్నారు, ఎరియర్స్ రాగానే తీర్చేద్దామంటున్నారు. 7 శాతం వడ్డీ వచ్చే 5 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ దాన్ని ముట్టుకోనంటున్నారు. నాన్నగారికి ఎలా చెప్పాలి?

జవాబు: ఆ పెద్దమనిషికి రూపాయి కూడా ఇవ్వకండి. ఎందుకో నాన్నగారికి లెక్క వేసి చూపిస్తే ఆయనే ఒప్పుకుంటారు. బ్యాంకులో పనిచేసిన మనిషి, లెక్క తెలియనివారు కాదు.

మన దేశంలో మిలటరీ మెడల్స్ అన్నిటికీ డబ్బు రాదు. యుద్ధంలో ఉన్నందుకు, సరిహద్దులో పనిచేసినందుకు, ఇన్నేళ్ల సర్వీసు నిండినందుకు ఇచ్చేవి గౌరవానికే. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి ఇచ్చిన స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, తొమ్మిదేళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ ఈ కోవలోవి. వీటిని ఎక్కించినా పెన్షన్‌లో పైసా మారదు. ర్యాంకు, సర్వీసు, గ్రూపు చూసి పెన్షన్ కడతారు, ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్) కూడా అంతే. అలాగని వదిలేయమని నేననను. ఆయన యుద్ధం చేశారు, ఆ మాట ఆయన పుస్తకంలో ఉండాలి. ఎరియర్స్ మాత్రం వాటి నుంచి రావు.

నెలనెలా డబ్బు వచ్చేది సాహస పతకాలకే. 2017 ఆగస్టు 1 నుంచి వాటి అలవెన్సును కేంద్రం రెట్టింపు చేసింది. ఇప్పుడు నెలకు పరమ్ వీర్ చక్రకు 20,000, అశోక్ చక్రకు 12,000, మహావీర్ చక్రకు 10,000, కీర్తి చక్రకు 9,000, వీర్ చక్రకు 7,000, శౌర్య చక్రకు 6,000, సాహసానికి ఇచ్చిన సేనా మెడల్‌కు 2,000 రూపాయలు. మీకు పనికొచ్చేది ఈ చివరి అంకె. నెలకు 2,000 చొప్పున 8 లక్షలు కావాలంటే 400 నెలలు, అంటే 33 ఏళ్లు దాటాలి. ఆ రేటు మొదలైందే 2017లో, అంతకుముందు అందులో సగం. ఆ 8 లక్షలు ఆ పెద్దమనిషి నోట్లో పుట్టిన అంకె, అంతే.

అసలు ముడి ‘సేనా మెడల్’ అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది. 1960లో పెట్టిన ఈ పతకాన్ని రెండు రకాల పనులకు ఇస్తారు: సాహసానికి, విశిష్ట సేవకు. అలవెన్సు మొదటిదానికే. ఇప్పుడు ఇచ్చేవాటికి గ్యాలంట్రీ అనో డిస్టింగ్విష్డ్ అనో పక్కనే ఉంటుంది. పాత పుస్తకాల్లో మెడల్ పేరు రాసి ఊరుకున్నవి చాలానే కనిపిస్తాయి. మీ నాన్నగారిది ఏ రకమో ఆ పుస్తకం చెప్పలేదు, మెడల్ చూసినా తెలియదు. తేల్చేది గెజిట్, అంటే ప్రభుత్వ రాజపత్రం. రాష్ట్రపతి పేరుతో వెలువడే ఈ అవార్డులు భారత గెజిట్ మొదటి భాగం, మొదటి సెక్షన్‌లో అచ్చవుతాయి. 1971 యుద్ధానికి సంబంధించినవైతే 1972 నుంచి వెతకడం మొదలుపెట్టండి. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు చూసుకుని, ఆ నోటిఫికేషన్ ఎందుకు ఇస్తున్నామని చెప్పిందో చదవండి. ఇంటిపేరు ముందో వెనకో, స్పెల్లింగ్ ఎలాగో చెప్పలేం కాబట్టి నంబరునే నమ్ముకోండి. నాన్నగారి దగ్గర మెడల్‌తోపాటు వచ్చిన కాగితమో, అప్పటి కమాండింగ్ ఆఫీసరు ఉత్తరమో ఉందేమో ముందు పెట్టె అడుగున చూడండి. అది దొరికితే గెజిట్ తేదీ అందులోనే ఉండొచ్చు.

ఈ వెతుకులాటతో పాటే ఇంకో కాగితం తెప్పించండి. సర్వీసులో ఉండగా పెళ్లి, పిల్లలు, ప్రమోషన్, మెడల్ ఏదైనా సరే, యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ (రికార్డులో ఎక్కించమనే ఉత్తర్వు) వేస్తేనే రికార్డ్స్ ఆఫీసులోని షీట్ రోల్‌లోకి, అంటే ఆ సైనికుడి సర్వీసు రికార్డులోకి చేరుతుంది. దాన్ని చూసే డిశ్చార్జ్ బుక్ రాస్తారు. గాయపడి ఆసుపత్రికి, అక్కడి నుంచి కొత్త రెజిమెంట్‌కు వెళ్లినవారి విషయంలో, పాత యూనిట్ తన మనిషి కాదనుకుని, కొత్త యూనిట్ తనకు తెలియక, మెడల్స్ జారిపోవడం సహజం. కాబట్టి మీ నాన్నగారి షీట్ రోల్ కాపీ కావాలని ఆర్టిలరీ రికార్డ్స్, నాసిక్ రోడ్ క్యాంప్‌కు సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు నాన్నగారి పేరు మీదే, ఆయన సంతకంతోనే వెళ్లాలి. మీరు అడిగితే అది మూడో మనిషి సమాచారమని తిప్పి పంపే వీలుంది. ఆర్టిలరీ కాకపోతే ఆఫీసు మారుతుంది. ఈఎంఈ (ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్లు), ఆర్డినెన్స్ కోర్ వాళ్ల రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి, మద్రాస్ సాపర్లది (ఇంజినీర్ల దళం) బెంగళూరు, సిగ్నల్స్ వాళ్లది జబల్‌పూర్.

షీట్ రోల్‌లో మెడల్స్ ఉండి, డిశ్చార్జ్ బుక్‌లో మాత్రమే లేకపోతే అది రాయడంలో పొరపాటు, తొందరగా సర్దుకుంటుంది. రెండింటిలోనూ లేకపోతే పార్ట్ టూ ఆర్డర్ వేయించాలి, సమయం పడుతుంది. ఎలాగైనా ఉత్తరం ఒకటే. రికార్డ్స్ ఆఫీసుకు ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, 1971 డిసెంబరులో ఉన్న యూనిట్, ఏ మెడల్ ఎక్కలేదో, దానికి మీ దగ్గరున్న ఆధారం ఏమిటో రాసి, డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), గెజిట్ పేజీ అటెస్టెడ్ కాపీలు జతచేయండి. జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు ద్వారా పంపితే ఫైలుకు కాస్త బరువు వస్తుంది, అక్కడ దీనికి ఫీజు ఉండదు. ఒరిజినల్ పుస్తకం చేయి దాటనివ్వకండి. తప్పనిసరిగా అడిగితే రసీదు తీసుకుని ఆ ఆఫీసు ద్వారానే ఇవ్వండి. పెన్నుతో ఇంట్లో ఎవరైనా ఆ పేజీలో ఒక్క అక్షరం రాసినా మొత్తం పుస్తకం అనుమానాస్పదం అవుతుంది.

సేనా మెడల్ సాహసానికే అని తేలితే, అప్పుడు రెండో పని. స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్) పెన్షన్ స్లిప్ తెరిచి గ్యాలంట్రీ అలవెన్సు పడుతోందో లేదో చూడండి. ఒకవేళ ఎప్పటి నుంచో పడుతూనే ఉంటే కథ అక్కడితో సరి. అలా బ్యాంకు పాస్‌బుక్‌లో పెన్షన్‌తో కలిసిపోయి ఎవరూ గమనించని ఇళ్లు ఉన్నాయి. పడకపోతే రికార్డ్స్ ఆఫీసు ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్‌కు (రక్షణ శాఖ పెన్షన్ లెక్కల ఆఫీసు) పంపి సవరించిన పీపీఓ తెప్పించాలి.

ఎరియర్స్ ఎంతవరకు? ఆఫీసు తనంతట తానే వెనక నుంచి ఇస్తే సంతోషం. కోర్టుదాకా వెళ్తే మాత్రం, ప్రతినెలా కొనసాగే పెన్షన్ నష్టాల్లో కేసు వేసిన రోజుకు ముందు మూడేళ్ల బకాయిలకే సాధారణంగా పరిమితమవుతుందని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ లెక్కలో అది 36 నెలలు, 72,000 రూపాయలు. ఆ పెద్దమనిషి అడ్వాన్సు 25,000, మీద 20 శాతం 14,400. రెండూ పోగా మీకు మిగిలేది 32,600. పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో, ఒక స్పీడ్ పోస్టుతో అయ్యే పనికి సగానికి పైగా ఇచ్చుకోవడం అన్నమాట. నిజంగా ట్రిబ్యునల్‌కే వెళ్లాల్సి వస్తే, మన రాష్ట్రాలు సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి కిందికొస్తాయి. అప్పుడు ఫీజు ముందే మాట్లాడుకునే వకీలును పెట్టుకోండి, వాటా అడిగేవారిని కాదు.

రాష్ట్ర ప్రభుత్వాలు సాహస పతకాలకు ఇచ్చే నగదు వేరే విషయం. అది జీవోల మీద, పతకం ఎప్పుడు ప్రకటించారన్నదాని మీద నడుస్తుంది. సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా ఏ లెక్కలోనూ కలపకండి.

మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట మెడల్ గురించి కాదు, భుజానికి తగిలిన ముక్క గురించి. శత్రువు దాడిలో గాయపడితే ఊండ్ మెడల్, అంటే పరాక్రమ్ పదక్ ఇస్తారు. దానికీ డబ్బు లేదు. కానీ ఆ మెడల్ రికార్డులో లేదంటే గాయమే రికార్డులో లేదేమోనని అనుమానించాలి. యుద్ధంలో తగిలిన గాయం వల్ల వైకల్యం ఉందని డిశ్చార్జ్ నాటి మెడికల్ బోర్డు రాసి ఉంటే, శాతం సరిపడా ఉంటే, వార్ ఇంజురీ పెన్షన్ అనే దారి ఉంది. ఆ మొత్తం సేనా మెడల్ అలవెన్సును చాలా దాటుతుంది. అందుకని షీట్ రోల్ అడిగేటప్పుడే 1971 నాటి గాయం రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు, 1984 రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ కూడా అడగండి. బోర్డు 20 శాతం, అంతకు మించి వైకల్యం రాస్తే ఆ కాగితం తీసుకుని పెన్షన్ వ్యవహారాలు తెలిసినవారిని కలవండి. ఏమీ రాయకపోతే 1984లో ఆయన ఆరోగ్యంగా వెళ్లారనే లెక్క. ఇన్నేళ్ల తర్వాత దాన్ని తిరగతోడటం కష్టం, ఆశ పెట్టుకోవద్దు.

అదే ఉత్తరంలో ఇంకో వాక్యం చేర్చండి: పీపీఓలోను, షీట్ రోల్‌లోను అమ్మగారి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో చెప్పమని. ఆధార్‌లో ‘వెంకట సుబ్బమ్మ’, మిలటరీ కాగితాల్లో ‘సుబ్బమ్మ’ అని ఉంటే ఆ తేడా ఇప్పుడు సర్దుకోవాలి. నాన్నగారి తర్వాత ఆమెకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ కనీసం 9,000 బేసిక్, దాని మీద కరువు భృతి. పేరు కలవక అది ఆగిపోతే నెలలు గడిచిపోతాయి, తిరిగేందుకు ఆయన ఉండరు. రెండు వేల అలవెన్సు కోసం తిరిగే కాళ్లు ఈ పనికీ తిరగాలి. సాహస పతకం అలవెన్సు కూడా ఆమె ఉన్నంతకాలం ఆమెకే వస్తుంది కాబట్టి, అక్కడా పేరు సరిగా ఉండటమే మేలు.

పన్ను సంగతి చాలామంది అడుగుతారు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పరమ్ వీర్, మహావీర్, వీర్ చక్ర గ్రహీతల పెన్షన్‌కు, ప్రభుత్వం నోటిఫై చేసిన ఇతర సాహస పతకాలవారి పెన్షన్‌కు పన్ను లేదు, ఫ్యామిలీ పెన్షన్‌కూ లేదు. సాహసానికి ఇచ్చిన సేనా మెడల్ ఆ జాబితాలో ఉంది. అయితే మినహాయింపు మిలటరీ పెన్షన్‌కే, బ్యాంకు పెన్షన్‌కు కాదు. మీ నాన్నగారి మొత్తం ఆదాయం ఎనిమిది లక్షల లోపు అంటున్నారు. కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను పడదు కాబట్టి ఆయనకు దీనివల్ల ఈ ఏడాది ఒరిగేదేమీ లేదు. సుబేదార్ మేజర్‌గానో ఆఫీసరుగానో రిటైరై, పెద్ద పెన్షన్ తీసుకుంటున్నవారికి మాత్రం ఇది అలవెన్సుకన్నా ఎక్కువ మిగులుస్తుంది. వాళ్లు గెజిట్ కాపీని స్పర్శ్‌కు ఇచ్చి టీడీఎస్ ఆపించుకోవాలి.

ఇక గోల్డ్ లోన్. 7 శాతం వచ్చే ఎఫ్‌డీని దాచుకుని 9 శాతం వడ్డీ కట్టడమంటే 3 లక్షల మీద ఏడాదికి 6,000 నష్టం. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే ఎంత కోత పడుతుందో బ్యాంకులో అడగండి. ఆ కోత 6,000 కన్నా తక్కువైతే ఈ వారమే 3 లక్షలు తీసి అప్పు తీర్చి నగలు ఇంటికి తెచ్చుకోండి. ఎక్కువైతే ఎఫ్‌డీ గడువు దగ్గర్లో ఉందేమో చూసి, అప్పటిదాకా లోన్ వడ్డీ నెలనెలా పెన్షన్‌లోంచి కట్టండి, ఏడాది చివర ఒక్కసారి కట్టే పద్ధతిలో వదిలేయకండి. ఎఫ్‌డీలో మిగిలే 2 లక్షలు నాన్నగారికీ అమ్మకీ ఆసుపత్రి ఖర్చులకు ఉంచండి. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉన్నా చేతి ఖర్చు ఉండనే ఉంటుంది. మనవడి రెండో ఏడాది ఫీజుకు ఎరియర్స్ చూపించవద్దని, విద్యారుణానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టమని మీ అన్నదమ్ములకు చెప్పండి. తాతగారి సేనా మెడల్ ఫైలు ఏ నెలకు కదులుతుందో నాసిక్ కూడా చెప్పలేదు, కాలేజీ వాళ్లు మాత్రం తేదీ ముందే చెప్తారు.