కరెంటు కబుర్లు: ‘బాకీలన్నీ తీరితేనే ట్రాన్స్‌ఫార్మర్’ అంటున్నారు!

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది ఊరికి కిలోమీటరు అవతల ఉన్న కాలనీ. 38 ఇళ్లు. తొమ్మిది రోజుల కిందట రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలి, నూనె అంతా కారిపోయింది. అప్పట్నుంచి చీకట్లోనే ఉన్నాం. బోరు ఆడక పొలాల్లోంచి బిందెలతో నీళ్లు మోస్తున్నాం. మా అత్తయ్య ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టిన కుండలో దాస్తున్నాం. ఆఫీసుకు వెళ్తే, ‘మీ కాలనీలో 11 ఇళ్ల బాకీలున్నాయి, అవి తీరాకే కొత్తది’ అన్నారు. ట్రాక్టరు కూడా మేమే పెట్టుకోవాలట, ఇంటికి 300 వేసుకోవాలట. మా ఇంటి బిల్లు ఒక్క నెలా ఆపలేదు. అందరం కలిసి అర్జీ పెట్టాలనుకుంటున్నాం. ఏమని రాయాలి?
– ఒక పాఠకురాలు (ఊరి పేరు రాయొద్దన్నారు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్లో మీకు చెప్పాల్సింది చెప్పాను. ఇలాంటి కాలనీలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగినవాణ్ణి. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధేసింది.

ఒకరి బాకీకి ఇంకొకరి కరెంటు ఆపే అధికారం ఎవరికీ లేదు. విద్యుత్ చట్టం, 2003లో 56వ సెక్షన్ చూడండి. బిల్లు కట్టని మనిషికి 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, ఆ తర్వాతే ఆ మనిషి సర్వీసు తీయాలి. కాలనీ మొత్తాన్ని చీకట్లో పెట్టమని అందులో ఎక్కడా లేదు. ఆ 11 ఇళ్లకైనా నోటీసులు వచ్చాయా? రాకపోతే వాళ్లకూ ఆపకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలడం వేరే సంగతి, బాకీ వేరే సంగతి. ఈ రెంటినీ ముడిపెట్టనివ్వకండి. బాకీ ఉన్నవాళ్లు వాయిదాల కోసం విడిగా అర్జీ పెట్టుకుంటారు.

రెండోది గడువు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణం పెట్టింది. దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. అడిగేవాళ్లు లేకే అది కాగితం మీద ఉండిపోతోంది. ఇక ట్రాక్టరు, చందా: ట్రాన్స్‌ఫార్మర్ పంపిణీ సంస్థ ఆస్తి. కాలినదాన్ని దింపడం, బాగైనది తెచ్చి ఎక్కించడం వాళ్ల పనే. రైతులు తమ ట్రాక్టర్లలో మోసుకెళ్లడం అలవాటైపోయింది గానీ, అలవాటు రూలు కాదు. ఒక్క రూపాయి కూడా వేసుకోకండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో పని చేయడానికి మమ్మల్ని బయటినుంచి పంపారు. కొబ్బరి చెట్లు లైన్ల మీద అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఒక స్తంభం నిలబెట్టాలంటే ముందు నాలుగు చెట్లు నరకాలి. వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్లో లైను ఛార్జి చేసిన (కరెంటు వదిలిన) సాయంత్రం, ఒక ముసలమ్మ మా జట్టు అందరికీ ఇత్తడి చెంబుతో మంచినీళ్లు ఇచ్చింది. అప్పటికి ఆ ఊరి బోరు ఆడి పది నిమిషాలే. ఆ ఊరి బాకీ ఎంతని అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. ముందు కరెంటు ఇచ్చాం.

ఇక అర్జీ. ముందుగా 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికెళ్లి, ట్యాంకు మీదో స్తంభం మీదో పెయింటుతో రాసి ఉన్న కోడు, కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం) రాసుకోండి. కిందే నిలబడి చూడండి, ఎక్కకండి. కాగితం మీద కష్టాలు రెండు వాక్యాలు చాలు. మిగతాది ఇలా రాయండి:

“ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి, ఫలానా కోడు గల 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫలానా తేదీ రాత్రి కాలిపోయింది. 1912 ఫిర్యాదు నంబరు ఇది. 48 గంటల గడువు దాటింది. దీనిపై ఆధారపడిన 38 సర్వీసుల నంబర్లు, సంతకాలు జతపరిచాం. వెంటనే మార్చాలని, లోడు కొలిచి సరిపడా సామర్థ్యం ఉన్నది ఇవ్వాలని, గడువు దాటినందుకు పరిహారం ఇవ్వాలని కోరుతున్నాం. బాకీల కారణంగా ఆపామంటే ఆ సంగతి రాతపూర్వకంగా తెలపండి.”

ఆఖరి వాక్యం వదలకండి. నోటితో చెప్పేది కాగితం మీద పెట్టమంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. రెండు కాపీలు చేసి, ఒకదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ఆఫీసు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. రెండు రోజుల్లో కదలిక లేకపోతే అదే కాపీ ఏఈ పై అధికారి ఏడీఈకి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. అక్కడా తేలకపోతే పంపిణీ సంస్థలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం ఉంది. దానికి లాయరు అక్కర్లేదు. దాని తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఒక్క మాట చేతులు జోడించి చెబుతున్నాను. విసిగిపోయి మీ కుర్రాళ్లెవరూ పక్క లైనుకు వైరు తగిలించబోవద్దు. స్తంభం మొదట్లో విడిచిన ఒక జత చెప్పులు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి. అబ్బాయి పైకి ఎక్కేటప్పుడు లైను ఆపామనుకున్నారు. ఆపింది వేరే ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను).

మళ్లీ ఇదే ట్రాన్స్‌ఫార్మర్ కాలకుండా ఉండాలంటే సామర్థ్యం సంగతి పట్టుబట్టాలి. 25 కేవీఏ త్రీఫేజు అంటే ఫేజుకు సుమారు 33 ఆంపియర్లే. 38 ఇళ్లలో కూలర్లు, మోటార్లు, ఫ్రిజ్‌లు అయ్యాక అది సరిపోదు. అందులోనూ సగం ఇళ్లు ఒకే ఫేజు మీద ఉంటే ఆ ఫేజే ముందు మాడుతుంది. 63 కేవీఏ అడగండి. కొత్తది ఎక్కించాక పగలు కాదు, సాయంత్రం ఏడింటికి, ఇళ్లన్నీ వెలిగిన వేళ లైన్‌మన్‌ను పిలిచి మూడు ఫేజులకీ టాంగ్ టెస్టర్ (తీగలో పారే కరెంటు కొలిచే పరికరం) పెట్టించి, రీడింగు ఎంతొచ్చిందో మీరే రాసుకోండి.