ఫోనుకు వచ్చే నెట్ లాప్‌టాప్‌కు రాదేం?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, నాకు ఒంట్లో బాగోలేదని వచ్చి ఇక్కడి నుంచే పని చేసుకుంటోంది. నా ఫోనులో నెట్ బాగానే వస్తోంది. తన లాప్‌టాప్‌లో మాత్రం వైఫై గుర్తు మీద పసుపు త్రికోణం, ‘లిమిటెడ్’ అని చూపిస్తోంది. హాస్టల్లో ఉండగా నెట్ పెట్టిన కుర్రాడు అందులో ఏవో నంబర్లు కొట్టాడట. కేబుల్ అబ్బాయి రౌటర్ మార్చమంటున్నాడు. మార్చమంటారా?
– ఒక గృహిణి

జవాబు: వద్దమ్మా, అప్పుడే కొనకండి. భీమవరంలో మా బావగారు ఇలాగే కొత్త రౌటర్ కొన్నారు. దానికీ అదే త్రికోణం! నేను వెళ్లి లాప్‌టాప్‌లో ఒక్క సెట్టింగ్ మార్చాక పాత రౌటర్‌తోనే వచ్చింది. ముందే నన్ను అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది కదా అని ఇప్పటికీ బాధే.

ముందు మీ ఫోనులో మొబైల్ డేటా ఆపేసి, వైఫై ఒక్కటే ఉంచి చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. వైఫై వస్తోందనుకుంటారు, ఫోనేమో సిమ్ డేటా వాడుకుంటూ ఉంటుంది. డేటా ఆపితే నెట్ రాలేదా, లోపం రౌటర్‌లోనో బయటి లైనులోనో ఉంది. కొబ్బరి మట్ట పడి తీగ తెగినా ఇంతే, ఇంట్లో దేనికీ రాదు. వచ్చిందా, ఇక చూడాల్సింది లాప్‌టాప్‌నే.

మీరు రాసిన ‘ఏవో నంబర్లు’ దగ్గరే నాకు అనుమానం. వైఫైలో చేరిన ప్రతి పరికరానికీ రౌటర్ ఒక ఐపీ నంబరు ఇస్తుంది. మీ రౌటర్ 192.168.1 వరసలో ఇస్తోందనుకోండి. హాస్టల్ కుర్రాడు 192.168.0 వరసలో ఒక నంబరు బిగించేసి ఉంటే, హైదరాబాద్ డోర్ నంబరు మీ ఇంటి గుమ్మానికి తగిలించినట్టే. పాస్‌వర్డ్ సరైనదే కాబట్టి వైఫైలో చేరుతుంది, నెట్ మాత్రం రాదు.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అక్కడ మీ వైఫై ప్రాపర్టీస్ తెరవమనండి. ‘ఐపీ అసైన్‌మెంట్’ దగ్గర మాన్యువల్ అని ఉంటే, ఎడిట్ నొక్కి ఆటోమేటిక్ చేసి సేవ్ చేయాలి. డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరును నంబరుగా మార్చి వెతికిపెట్టేది) అసైన్‌మెంట్ విడిగా కనిపిస్తే అదీ ఆటోమేటిక్ చేయాలి. పాత నంబర్లు మాత్రం ముందే కాగితం మీద రాసి ఉంచమనండి, మళ్లీ హాస్టల్‌కు వెళ్లాక అవసరం పడవచ్చు. ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్ అయితే ఇవి మార్చనివ్వకపోవచ్చు. అప్పుడు వాళ్ల ఐటీ వాళ్లకు ఫోన్ చేయడమే.

అసలు ముందు నుంచీ ఆటోమేటిక్‌లోనే ఉంటే అదే పేజీలో ఐపీవీ4 అడ్రస్, అంటే పైన చెప్పిన ఐపీ నంబరు, చూడండి. 169.254తో మొదలైతే అది రౌటర్ ఇచ్చింది కాదు. అడిగినా జవాబు రాక లాప్‌టాప్ తనకు తానే పెట్టుకున్న నంబరు. రౌటర్ ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి. లాప్‌టాప్‌లో మీ వైఫైని ‘ఫర్గెట్’ చేసి, పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ కలపండి. అప్పటికీ రాకపోతే అక్కడ కనిపించే నంబరు నాకు రాసి పంపండి.