ఉమ్మి చూసి పిల్లల్ని వడగట్టకమ్మా

సుధమ్మా,

నువ్వు సొంతంగా పిల్లలకి పరుగు నేర్పబోతున్నావని మీ నాన్న చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. ముందు అందరికీ ఉమ్మి పరీక్ష చేయించి, జన్యువుల్ని బట్టి ఎవర్ని ఉంచుకోవాలో తేలుస్తావని కూడా అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

 

జన్యువుల మహిమ లేదనను. 1964 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన ఫిన్లాండ్ స్కీయర్ ఈరో మాంటిరాంటా కుటుంబంలోనే ఎర్ర రక్తకణాలు ఎక్కువగా పుట్టించే జన్యుమార్పు ఉందని తర్వాత తేలింది. అలాంటిది మహా అరుదు. నువ్వు చూడబోయే ఏసీటీఎన్3 అనే జన్యువు సంగతి వేరు. వేగంగా పనిచేసే కండరాల్లో ఉండే ఒక ప్రోటీన్‌కి అది మూలం. ప్రపంచంలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఆ ప్రోటీన్ ఉండదు. మేటి స్ప్రింటర్లలో అలాంటివాళ్లు తక్కువే, నిజమే. కానీ అది లేకుండానే స్పెయిన్ లాంగ్‌జంపర్ ఒకడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. ఆ ప్రోటీన్ ఉన్న మిగతా నలుగురూ ఏమైనా ఛాంపియన్లా?

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నా దగ్గరికి పదకొండేళ్ల పిల్ల వచ్చింది. పొట్టిది. అమ్మానాన్నలూ పొట్టే. మొదటిరోజు పరుగులో అందరికన్నా వెనక. నాకు పరీక్షలెందుకు, నా కళ్లు చాలనుకున్నాను. "ఇది నీ ఒంట్లో లేదమ్మా" అనేశాను. ఏడవలేదు. కింద కూర్చుని నేనిచ్చిన బూట్ల లేసులు విప్పింది, వాటిని చుట్టి లోపల పెట్టింది, జత కలిపి నా కాళ్ల దగ్గర ఉంచి వెళ్లిపోయింది. మూడేళ్లకి దారిలో ఎదురైంది. నా భుజం దాటి పెరిగింది. పరిగెడుతున్నావా అని అడిగాను. "నా ఒంట్లో లేదన్నారుగా సార్" అంది. నిష్ఠూరంగా కాదు, తన పేరు చెప్పినంత మామూలుగా.

నాకు భయం ఆ మాటంటేనే. నేను నోటితో అన్నదైతే ఎప్పుడో మర్చిపోయే అవకాశమన్నా ఉంది. కాగితం మీద అచ్చేసి ఇస్తే ఏ పిల్ల మర్చిపోతుంది?

శాస్త్రవేత్తలు కుటుంబాలకి కుటుంబాల్నే తీసుకుని 20 వారాలు ఒకే వ్యాయామం చేయించి చూశారు. కొందరి దమ్ము బాగా పెరిగింది, కొందరిది అంతంతమాత్రం. ఆ తేడాలో దాదాపు సగం వంశానిదే. కానీ ఎవరిది పెరుగుతుందో చేయించాకే తెలిసింది కదా! నువ్వూ కనీసం ఒక ఏడాది ఆగు. ఎవరు ఎంత వేగమని కాదు, ఎవరు ఎంత మారారని రాసుకో.

పరీక్షకని దాచిన డబ్బుతో చిన్న సైజు బూట్లు కొను. మొదటిరోజు నేనూ వస్తాను. లేసులు కట్టే పని నాకివ్వు తల్లీ.

మీ పెదనాన్న