కపోయెరా మానేయకండి, ముందు జింగా మీద పడండి

కపోయెరా, అంటే పాటల మధ్య ఆటలా సాగే బ్రెజిల్ యుద్ధవిద్య, మొదలుపెట్టి ఆరు నెలలైనా పల్టీ కొట్టలేకపోతున్నాను, ఇది నా ఒంటికి సరిపడదేమో, మానేస్తాను అన్నారు. మానకండి. కపోయెరా ప్రాణం పల్టీలో లేదు, జింగాలో ఉంది, అంటే ఆ ఊగుతూ వేసే అడుగులో. బ్రెజిల్‌కు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు, వాళ్ళ పిల్లలు పెంచుకున్న విద్య ఇది, 1890 శిక్షాస్మృతిలో నేరం అన్నా చావలేదు, 1932లో మెస్త్రే (అంటే గురువు) బింబా అక్కడి సాల్వడోర్ నగరంలో బడి పెట్టి నేర్పారు. అదే ఊళ్ళో మెస్త్రే పస్తిన్యా నేర్పిన అంగోలా శైలిలో ఆట నిదానంగా, నేలకు దగ్గరగా సాగుతుంది, మీకు అది నప్పవచ్చు, ఒకసారి చూడండి.

రోజూ పది నిమిషాలు జింగా చేయండి. రోడాలో, అంటే ఆట చుట్టూ అందరూ నిలబడే వలయంలో, వెనక్కి తగ్గకుండా చప్పట్లు కొట్టి పాడండి, బెరింబావ్ అనే ఒంటి తీగ వాయిద్యం పట్టుకోవడం నేర్చుకోండి. నేను కూడా పాటతోనే ఆ వలయంలో నిలబడగలిగాను, సిగ్గు పోయాకే కాళ్ళు కదిలాయి. భుజం నొప్పి ఉంటే మాత్రం పల్టీలు ఆపి ముందు డాక్టర్‌కి చూపించండి.